ఆకసమున బరువు దించుకొనుట

గడచిన మాఘమాసమున ఒకనాటి సాయంకాలము మేము పెరటి అరుగుమీద కూర్చుండి జీడిపప్పు పొర తీయుచుంటిమి. పలాసలో కాపురముండువారికి ఈ పని అన్నము వండుటవంటిదే గదా. ఆ వేళకు ఉద్దానమునుండి మాకు కొబ్బరికాయలు తెచ్చియిచ్చు పెద్దమ్మ వచ్చి, తట్ట దించి, చెంగుతో మొగము తుడుచుకొని, తలయెత్తి చూచినది. చూచినదే తడవుగా ఆమె మొగము వెలవెలబోయెను. మిక్కిలి యెత్తున ఒక విమానము ఉత్తరదిక్కుగా పోవుచుండెను. దాని వెనుక ముగ్గుపిండితో గీసినట్లు తెల్లని చాఱ యొకటి నిడుపుగా సాగుచుండెను.

"అమ్మగారూ, అదిగో సూడండి! నూనె పారబోసేస్తన్నారు. ఆ యిమానానికి ఏటో అయిపోనాది. లోనున్నోల్లు ఏటైపోతారో!" అని ఆమె అరుగంచున కూలబడినది.

ఆమె భయమునకు కారణము లేకపోలేదు. ఆమెకు ఒక్కడే కొడుకు. చిన్ననాడు మావారియొద్ద చదువుకొన్నవాడు. ఇప్పుడు కువైటులో వెల్డింగు పని చేయుచున్నాడు. 2018 అక్టోబరు 11 వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలెన్నో నేలగూలినవి. ఆమె తోటయు వానితోనే పోయినది. కొబ్బరిమొక్క నాటిననాడే కాయ కోయుటకు వీలు లేదు గదా. ఆ మొక్కలు కాపునకు వచ్చు నన్నియేండ్లును ఆ యిల్లు కొడుకు పంపిన ద్రవ్యముతోనే నిలిచినది.

రెండేండ్లక్రిందట అతడు సెలవుపై వచ్చి తిరిగి పోవునప్పుడు, ఎక్కిన విమానము నేలవిడిచిన కొంతసేపటికే ఏదో లోపము బయటపడి, బయలుదేరినచోటికే మరలినదట. మరలినది కాని వెంటనే దిగలేదు. రెండుగంటలకు పైగా ఆకసమున చుట్లు తిరిగి, అప్పుడు దిగినది. ఎవరికిని చిన్నగాయమైనను కాలేదు. దిగిన పిదప అతడు తల్లికి ఫోనుచేసి, "నూనె అయిపోయేదాకా తిప్పినారమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లై నాటుకొన్నది. నూనె అయిపోయిన బండి దారిప్రక్కన నిలిచిపోవును. నూనె అయిపోయిన విమానము ఎక్కడ నిలుచును? నాటినుండియు ఆమెకు ఆకసమున తెల్లని చాఱ కనబడినప్పుడెల్ల, ఎవరి బిడ్డయో ఆపదలో ఉన్నట్లే తోచును.

"వైశాఖంలో వస్తానన్నాడమ్మా. వస్తే మల్లా ఎల్లాల గదా. ఎక్కొద్దని మీరు సెప్పండి. నా మాట ఇనడు, మేస్టారింటి మాటంటే ఇంటాడు" అని ఆమె మా చేతులు పట్టుకొన్నది.

ఒక యింటి జీవనము తెగిపోవు మాట అది. తెలియక "సరే" అనుటయు పాపమే, తెలియక "భయములేదు" అనుటయు పాపమే. నాలుగుదినములు గడువడిగి, మావారిచేత పుస్తకములు తెప్పించుకొని, ఈ విషయమును మాకు చేతనైనంత చదివితిమి. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము వైపులనుండి గల్ఫు దేశములకును, సింగపూరు మలేషియాలకును బిడ్డలను, భర్తలను పంపినవారు మన సోదరీమణులలో ఎందఱో కలరు. 2024 జూన్ నెలలో కేంద్రమున పౌరవిమానయాన మంత్రిపదవి చేపట్టిన శ్రీ కింజరాపు రామ్మోహన నాయుడుగారు మన శ్రీకాకుళమునుండి లోకసభకు ఎన్నికైనవారే యగుటచే, విమానముల మాట మన జిల్లాలో ఇంటింట వినవచ్చుచున్నది. కాని విమానము ఎట్లు దిగునో, దిగుటకు ఏల ఆలసించునో మనకు చెప్పువారు తక్కువ. కావున మేము తెలిసికొన్నది ఈ మాసము మీముందు ఉంచుచున్నాము.

మొదట ఆ తెల్లని చాఱ సంగతి. అది నూనె కాదు. విమానపు యంత్రములలో ఇంధనము కాలినప్పుడు వేడిగాలితోపాటు నీటియావిరియు వెలువడును. అంత యెత్తున గాలి మంచుకంటెను చల్లనైనది. సున్నకు నలువది డిగ్రీలు క్రిందికి దిగిన చలి అక్కడ సామాన్యము. ఆ చలిలో ఆవిరి గడ్డకట్టి సన్నని మంచురవలై తెల్లగా కనబడును. పుష్యమాసపు తెల్లవాఱుజామున మనము మాటలాడునప్పుడు నోటియెదుట పొగవలె కనబడునది ఏదియో, ఇదియు దాదాపు అట్టిదే. పైగాలి పొడిగా నుండిన దినమున ఆ చాఱ వెంటనే కరగిపోవును. తేమగా నుండిన దినమున చాలసేపు నిలుచును. ఆపదకును దానికిని ఏ సంబంధమును లేదు. ఆ విమానము సుఖముగా తన దారిని పోవుచున్నదే.

అట్లని విమానములు నూనె పాఱబోయుట అబద్ధము కాదు. అది నిజమే, కాని అరుదు. విమానములు కాల్చునది మిక్కిలి శుద్ధిచేసిన ఒక విధమైన కిరసనాయిలే కనుక, ఈ వ్యాసమున దానిని నూనె యనియే పిలిచెదము. విలువైన ఆ నూనెను గాలిపాలు చేయవలసిన యవసరము ఎందుకు కలుగునో తెలియవలెనన్న, మొదట విమానపు బరువు సంగతి తెలియవలెను.

పుష్పకవిమానమున ఎందఱెక్కినను మఱియొకరికి చోటుండునని పెద్దలు చెప్పగా వింటిమి. నేటి విమానమునకు ఆ మహిమ లేదు. దానికి ప్రతి వీశె బరువునకును లెక్క కలదు. అందులోను లెక్కలు రెండు. నేలవిడుచునప్పుడు ఇంతకు మించి తూగరాదని యొక హద్దు. నేలకు దిగునప్పుడు ఇంతకు మించి తూగరాదని మఱియొక హద్దు. దూరదేశములకు పోవు పెద్దవిమానములలో ఈ రెండవ హద్దు మొదటిదానికంటె చాల తక్కువగా నుండును.

ఉదాహరణమునకు, బోయింగు 777 జాతిలో 300ఈఆర్ అను విమానము నేలవిడుచునప్పుడు 351 టన్నులవఱకు తూగవచ్చును. దిగునప్పుడు 251 టన్నులు దాటరాదు. నడుమ భేదము నూఱు టన్నులు. లారీకి పది టన్నుల వంతున కొబ్బరికాయలెత్తినచో పది లారీల బరువు! దాని తొట్లలో 1,81,000 లీటర్లకు పైగా నూనె పట్టును. లీటరు నూనె ఇంచుమించు 800 గ్రాములు తూగును గనుక, తొట్లు నిండిననాడు నూనె బరువే 145 టన్నులగును. దారి పొడుగునను ఆ నూనె కాలుచుండును, విమానము తేలికపడుచుండును. గమ్యము చేరునప్పటికి రెండవ హద్దులోనికి తనంతతానే వచ్చియుండును. అన్నియు సక్రమముగా జరిగిననాడు ఈ హద్దుల మాట ప్రయాణికులలో ఒక్కరికైనను తెలియదు.

ఎగురుటకు చాలిన బలము దిగుటకు ఏల చాలదని మాకును మొదట సందేహము కలిగెను. నీళ్లబిందె మోసిన మనకు సమాధానము దూరమున లేదు. నిండుబిందెను మెల్లమెల్లగా ఎత్తుకొని నడిచిపోవచ్చును. దానినే నేలమీద దబ్బున దించితిమా, అడుగు సొట్టపోవును. విమానము లేచునప్పుడు ఱెక్కలు బరువును క్రమముగా అందుకొనును. దిగునప్పుడో, ఆ బరువంతయు ఒక్క క్షణమున చక్రములమీదను, వానిని పట్టియుంచు కాళ్లమీదను పడును. దిగుడు హద్దులో తూగు విమానము సెకనునకు 10 అడుగుల వేగమున నేలను తాకినను ఓర్చుకొనునట్లు దాని కాళ్లను నిర్మింతురు. నేలవిడుచునప్పటి నిండుబరువుతోనే దిగవలసివచ్చినచో సెకనునకు 6 అడుగుల వేగమువఱకే ఓర్చునట్లు కట్టడి. అదిగాక, బరువెక్కువైనకొలది విమానము ఎక్కువ వేగముతో దిగవలెను. ఆగుటకు ఎక్కువ దారి కావలెను. బ్రేకులు మిక్కిలిగా వేడెక్కును.

ఇప్పుడు పెద్దమ్మ కొడుకు సంగతి తలచుకొందము. బయలుదేరిన కొంచెముసేపటికే విమానము మరలవలసివచ్చినది. నూనె ఇంకను కాలలేదు, బరువు తగ్గలేదు. అట్టి సమయమున విమానచోదకుని యెదుట మూడు దారులుండును: నూనెను పాఱబోయుట, చుట్లు తిరిగి కాల్చివేయుట, లేదా బరువుతోనే దిగుట.

మొదటి దారి అన్ని విమానములకును లేదు. ఉన్నవానికి ఱెక్కల వెనుకటి యంచున, కొనలకు చేరువగా గొట్టములుండును. చోదకుడు మీట త్రిప్పగానే పంపులు నూనెను ఆ గొట్టములగుండ వెలికి నెట్టును. పెద్దవిమానములలో నిమిషమునకు టన్నునకు మించి పోవును. వేగముగా వీచు గాలిలో అది తుంపరయై, తుంపర మఱింత సన్ననై, చాలభాగము ఆవిరియై పోవును. ఎత్తు ఎక్కువైనకొలదియు, గాలి వెచ్చనైనకొలదియు నేలను చేరునది తక్కువ.

ఇది తోచినచోట తోచినట్లు చేయు పని కాదు. చోదకుడు నేలపైనున్న నియంత్రణాధికారులకు ముందుగా తెలుపవలెను. పట్టణములకును ఊళ్లకును దూరముగా, వీలైనచో నీటిపైన, 6,000 అడుగులకు తక్కువ కాని యెత్తున విడువవలెనని అంతర్జాతీయ పద్ధతులు చెప్పుచున్నవి. ఉఱుములు మెఱుపులు ఉన్నచోటికి పోరాదు. చుట్టుప్రక్కల ఎగురు ఇతర విమానములను 19 కిలోమీటర్ల దూరమున ఉంచవలెను. నూనె విడుచుచున్న విమానము వెనుకకు మాత్రము వేఱొకదానిని రానీయనే రాదు.

మాకు మిక్కిలి నచ్చిన కట్టడి యొకటి కలదు. మీట త్రిప్పిన చేయి మఱచిపోయినను తొట్లు పూర్తిగా ఖాళీ కావు. విమానము సముద్రమట్టమునుండి 10,000 అడుగుల యెత్తునకు ఎక్కి, ఆపైన 45 నిమిషములు ఎగురుటకు చాలినంత నూనె ఎప్పుడును మిగిలియుండునట్లు ఆ యేర్పాటును నిర్మింపవలెనని అమెరికా నిబంధనలలో నున్నది. ఎంత లేమి వచ్చినను కుండలో అడుగు పిడికెడు గింజలు మిగిల్చి, అటుపిమ్మటనే పొరుగింటికి చేబదులిచ్చు ఇల్లాలు చేయునదియు ఇదే గదా!

ఇక రెండవ దారి, చుట్లు తిరుగుట. నేలవిడుచు బరువు దిగుడు బరువునకు నూటికి నూటయైదు పాళ్లు దాటిన ప్రతి విమానమునకును నూనె పాఱబోయు గొట్టములు ఉండవలెనని పూర్వము అమెరికాలో నియమముండెడిది. 1960 తరువాతి దశాబ్దమున రెండు యంత్రముల చిన్న జెట్టు విమానములు వచ్చినవి. ఎగిరి పదునైదు నిమిషములలో మరలివచ్చినను, ఒక యంత్రము చెడియున్నను, దిగబోయి దిగలేక తిరిగి పైకి లేవవలసివచ్చినను చాలినంత బలము కలదని ఋజువైన విమానమునకు ఆ గొట్టములు అక్కఱలేదని నియమము మార్చిరి. బోయింగు 737, ఎయిర్‌బసు 320 అట్టివి. మన దేశపు ఊళ్లనడుమ తిరుగు విమానములలో పెక్కు ఈ రెండు జాతులవే. 737 లో 800 అను రకము నిండుబరువు 79 టన్నులు, దిగుడు బరువు 66 టన్నులు. ఈ పదుమూడు టన్నులు తగ్గించుకొనవలెనన్న, దానికి కాల్చుట తప్ప వేఱుమార్గము లేదు.

ఇట్టిది మన తెలుగునేలపైననే జరిగినది. 2024 జూన్ 20 వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప హైదరాబాదు శంషాబాదునుండి కౌలాలంపూరునకు బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్సువారి 737-800 విమానమున, పైకెక్కుచుండగా ఒక యంత్రమునందు దోషము కనబడినది. ఆ విమానము మరలి, ఆకసమున తిరిగి, తెల్లవాఱకమునుపే శంషాబాదుననే క్షేమముగా దిగినది. హైదరాబాదు చేరువను సముద్రము లేదు. ఆ విమానమునకు పాఱబోయు గొట్టములును లేవు.

అదే సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన, అనగా తిత్లీ తుపాను వచ్చిన దినమునకు సరిగా ఆఱేండ్లకు, పొరుగున తమిళదేశపు తిరుచిరాపల్లిలో ఇంకను పెద్ద కలవరము జరిగినది. సాయంకాలము 5 గంటల 40 నిమిషములకు షార్జాకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానమున 141 మంది ప్రయాణికులుండిరి. అదియు 737 జాతిదే. చక్రములు మొదలగువానిని కదలించు ద్రవపీడనపు ఏర్పాటులో లోపమున్నట్లు చోదకులు కనిపెట్టిరి. విమానము ఆ ప్రాంతముననే రెండున్నర గంటలు చుట్లు తిరిగినది. టెలివిజనులో ఆ చుట్లు చూచుచు దేశమంతయు ఊపిరి బిగబట్టినది. రాత్రి ఎనిమిదింబావు ప్రాంతమున అది మామూలుగా, మెత్తగా దిగినది. "నూనె పాఱబోసి వెంటనే ఏల దింపరైరి?" అని నాడు పెక్కుమంది ప్రశ్నించిరి. పాఱబోయు సాధనమే ఆ విమానమునకు లేదు. బరువు తగ్గునంతసేపు తిరుగుటయే అక్కడి నేర్పు.

కావున పెద్దమ్మ కొడుకు అన్న మాటలో ఒక్క తప్పు కలదు. అతనిని త్రిప్పినది నూనె అయిపోవునంతవఱకు కాదు, బరువు తగ్గునంతవఱకు. దిగునప్పటికిని ఆ తొట్లలో కావలసినంత నూనె ఉండియే యుండును. ఒకమాఱు దిగబోయి వీలుకాక మరల పైకెక్కవలసివచ్చినచో నూనె లేకయే గతి? ఆ తల్లి రెండేండ్లు మోసిన భయము ఒక్క మాట పొరపాటువలన కలిగినది.

మూడవ దారి, బరువుతోనే దిగుట. ఇది కూడని పని యని మొదట మేము తలచితిమి. అది సరి కాదు. ఆలసించుటవలన కీడెక్కువయని తోచినప్పుడు చోదకుడు నిండుబరువుతోనైనను దింపవచ్చును; ఆ యధికారము అతనికి కలదు. నిండుబరువుతో దిగుటకు సెకనునకు 6 అడుగుల కట్టడి ఉన్నదని పైన చెప్పితిమి గదా, అది ఇందులకే. అట్లు దిగిన విమానమును ఇంజనీర్లు కాళ్లు, చక్రములు, ఱెక్కల మొదళ్లు పరీక్షించి, లోపము లేదని తేల్చిన పిదపనే మరల ఎగురనిత్తురు. బిందె సొట్టపోయినదేమో చూచుకొన్నట్లే.

ఏ దారి యెప్పుడు తగునో నిర్ణయించుట ఎంత కష్టమో చెప్పు దుఃఖకథ యొకటి కలదు. 1998 సెప్టెంబరు 2 వ తేదీన న్యూయార్కునుండి జెనీవాకు పోవు స్విస్ఎయిర్ 111 వ నంబరు విమానమున చోదకుల గదిలో పొగ వాసన వచ్చినది. వారు కెనడాలోని హాలిఫాక్సు నగరమున దిగనెంచిరి. కాని విమానము ఇంకను చాల యెత్తున నుండెను, చాల బరువుగా నుండెను. ఎత్తు తగ్గుటకును, నూనె విడుచుటకును సముద్రమువైపు మరలిరి. లోపల మంట వారనుకొన్నదానికంటె వేగముగా వ్యాపించినది. విమానము సముద్రమున కూలి 229 మంది ప్రాణములు కోల్పోయిరి. "నేరుగా దిగియుండవలసినది" అని ఆనాడు అనేకులు అనిరి. కెనడావారు నాలుగేండ్లకు పైగా విచారించి 2003 లో వెలువరించిన నివేదికలో, నేరుగా పోయినను ఆ విమానము క్షేమముగా దిగగలిగియుండెడిది కాదని తేల్చిరి. కావున ఆ చోదకులను నిందించుట న్యాయము కాదు. అయినను పొగయు మంటయు కనబడినప్పుడు బరువు మాట వెనుకకు, దిగుట ముందుకు అను పాఠము నాటినుండి చోదకుల శిక్షణలో మఱింత బలపడినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒక్కటి. త్వరగా దింపిరన్న అది ధైర్యమనియు, ఆలసించిరన్న అది చేతకానితనమనియు మనము తీర్పు చెప్పరాదు. మంటవంటి ఆపదకు త్వర కావలెను. చక్రముల లోపమువంటిదానికి నిదానము కావలెను. పొయ్యిమీది పాలు పొంగినప్పుడు చేతిలోనిది పాఱవైచి పరుగెత్తుదుము. చంటిబిడ్డ గొంతులో ముల్లు దిగినప్పుడు పరుగెత్తక, చేయి వణకక, వెలుతురున చూచి తీయుదుము. ఈ తారతమ్యము ఇల్లాలికి క్రొత్తగా నేర్పవలసినది కాదు.

నేలపైనున్నవారి సంగతి చెప్పక ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు. పెద్దమ్మ అడిగిన మఱియొక ప్రశ్న అది. "పైనోల్లు బతకాలని పోస్తే, కిందోల్ల సెట్లు, నూతులు ఏటైపోవాలమ్మా?" అన్నది. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్ల దీపములార్పినదో మనమెఱుగుదుము. త్రాగు నీటిని ప్రతిదినమును అనుమానముతో చూచు ప్రజలు అట్టి ప్రశ్న అడుగుట తప్పు కాదు.

2020 జనవరి 14 వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలెసునుండి షాంఘైకి బయలుదేరిన డెల్టా కంపెనీ బోయింగు 777 విమానము, యంత్రదోషముచే మరలివచ్చుచు, జననివాసములపైన, తక్కువ యెత్తున ఇంచుమించు 57,000 లీటర్ల నూనెను విడిచినది. క్రింద కడహై అను ఊరి పాఠశాలలో బిడ్డలు ఆటస్థలమున నుండిరి. తుంపర వారిమీద పడినది. పిల్లలు పెద్దలు కలిసి అఱువదిమంది వఱకు చర్మపు మంటకును, ఊపిరి యిబ్బందికిని చికిత్స పొందిరి. దైవవశమున ఎవరికిని పెద్దకీడు కలుగలేదు. నూనె విడువవలసిన అవసరము కలదా యని నియంత్రణాధికారి ముందుగా అడుగగా చోదకులు లేదనిరి. పిదప చెప్పకయే విడిచిరి. ఎత్తు, చోటు, ముందుమాట అను మూడు కట్టడులును అక్కడ తప్పినవి. నియమములు కాగితముపై నుండుట వేఱు, తొందరలో జ్ఞాపకముండుట వేఱు.

కావున పెద్దమ్మకు మేము నిజమే చెప్పితిమి. నియమము ప్రకారము ఎత్తున, సముద్రముపైన విడిచినచో తోటలను చేరునది మిక్కిలి స్వల్పము. ఆమె చూచిన తెల్లని చాఱలు మాత్రము నూనె కావు. వానివలన ఆమె నూతి నీటికి చేటు లేదు. ఎప్పుడైనను నిజముగా కిరసనాయిలు వాసన గల తుంపర పైనుండి పడినచో, బిడ్డలను లోపలికి పిలిచి, మొగము కాళ్లు చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చి, ఆరవేసిన ధాన్యము పప్పు విడిగా ఉంచి, అధికారులకు తెలుపవలెను. ఇది విమానము మాటకే కాదు, ఏ నూనె తుంపరకైనను తగిన జాగ్రత్తయే.

నాలుగవనాడు ఆమె వచ్చినప్పుడు, పెరటి తొట్టియొద్ద బిందె నింపి, ఆమెచేతనే ఎత్తించి, దింపించి ఈ బరువుల సంగతి విప్పి చెప్పితిమి. ఏ విమానమును ఎన్నడును కూలదని మేము చెప్పలేదు, చెప్పిన అబద్ధమగును. నీ కొడుకెక్కిన విమానము తిరిగిన రెండుగంటలును దిక్కుతోచక తిరిగినవి కావు, దిగుటకు సిద్ధపడుచు తిరిగినవి అని మాత్రము చెప్పితిమి. ఆమె చాలసేపు బిందెవంక చూచినది.

"అయితే అంతసేపూ ఆల్లు లెక్క సూసుకునే తిప్పినారన్నమాట" అన్నది.

"అవును పెద్దమ్మా, లెక్క చూచుకొనియే" అంటిమి.

ఆ సాయంకాలమే మావారు కువైటునకు ఫోను కలిపిరి. ఆమె వల్లెవేసికొని వచ్చిన మాట, ఎక్కవద్దను మాట, అనలేదు. వైశాఖమున వచ్చునప్పుడు విమానపు నంబరు ముందుగా చెప్పమన్నది. దిగగానే ఫోను చేయుమన్నది. మల్లె తోటలో మొదటి గెల దిగినదని చెప్పినది.

సోదరీమణులారా! మన వారెక్కిన విమానము మరలినదని, చుట్లు తిరుగుచున్నదని ఎన్నడైన వినవచ్చినచో, నలుగురు నాలుగు విధములుగా చెప్పుమాటలకు లోబడకుడు. ప్రయాణపు నంబరు వ్రాసి యింటనుంచుకొనుడు. సమాచారమును విమానసంస్థవారినే అడుగుడు. ఆలస్యమును అపశకునముగా నెంచకుడు. మోయగలిగినంత మోసి, దించవలసినచోట తొందరపడక దించుట మన యిండ్లలో దినదినమును మనము చేయు పనియే.